మీకు తెలుసా? అయొనైజర్ మీది ముద్ర నీటికి కాకపోవచ్చు
నీటి పీహెచ్ పెంచే యంత్రం, అంటే వాటర్ అయొనైజర్, అమ్మేవాళ్లు ఐఎస్ఓ 9001 పత్రం చూపిస్తే మురిసిపోకండి. అది కంపెనీ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది. గ్లాసులోకి వచ్చే నీటి గురించి ఒక్క ముక్కా చెప్పదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. 9.5 ఇస్తుందని గొప్పలు పోయే యంత్రం ఆ గీత దాటినట్టే. జపాన్‌లో దీన్ని వైద్య పరికరంగా గుర్తించారు కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ గుర్తింపు అజీర్తిలాంటి కడుపు ఇబ్బందుల వరకే. షుగరు, క్యాన్సరు తగ్గుతాయన్నది అమ్మేవాళ్లు తగిలించిన మాట.

వారంటీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. చిత్తూరు, తిరుపతి వైపు ఉప్పు బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరే, యంత్రం లోపల ప్లాటినం పూత వేసిన టైటానియం ప్లేట్ల మీదా కడుతుంది. కఠినజలం వల్ల చెడితే బాధ్యత లేదన్న షరతు కార్డులో ఉంటే, సీమలో ఆ హామీకి మిగిలేదెంత? ఫ్లోరైడ్ తీసేయడమూ ఈ యంత్రం పని కాదు. ముందు నీటి పరీక్ష చేయించాలి. పేచీ వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అందుకు బిల్లు, సీరియల్ నంబరు వేసిన వారంటీ కార్డు దాచిపెట్టుకోండి.