సిమెంటు నివేదికలో కూలోళ్ల లెక్కేది?

మేళ్లచెరువు, ఎర్రగుంట్ల, మాచర్ల వంటి సున్నపురాయి ప్రాంతాల్లో ఫ్యాక్టరీ అనగానే వచ్చే మాట 'ఎకరానికెంత?' అన్నదే. భూమిలేని మాల, మాదిగ కూలీలకు ఆ ప్రశ్నలో చోటు లేదు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలోనైనా ఉందా అన్నది మేం అడిగేది.

1994లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు 2006 నోటిఫికేషన్ కింద నడుస్తోంది. కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటే నివేదిక రాస్తాడు! గాలి, నీరు, చప్పుడు కొలుస్తారు. క్వారీ భూగర్భ జలమట్టం కిందికి దిగితే నీళ్లు తోడిపోయాల్సిందే, చుట్టుపక్కల బావులెండే ప్రమాదముంది. ఇవి ఎంతో కొంత రాస్తారు. ఎస్సీల దగ్గరికొచ్చేసరికి జనాభా లెక్కల్లోంచి ఒక శాతం ఎత్తిరాసి ఊరుకుంటారు. కలుపు కూలి, కోత కూలి, బీట్లో మేసే రెండు మేకలు - వీటికి పట్టికలో గడి ఉండదు. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న కూలీలనూ బాధితులుగా గుర్తించింది. కంపెనీ రైతు దగ్గర నేరుగా కొనుక్కుంటే ఆ రక్షణ చాలావరకు జారిపోతుంది.

మిగిలింది బహిరంగ విచారణ. 30 రోజుల ముందు ప్రకటించాలి. తెలుగులో దొరికేది సారాంశమే. కోరం లేదు గనుక జనం రాకున్నా విచారణ అయినట్టే. వచ్చినవాళ్ల మాటలు మాత్రం రాసుకోవాలి, చివర్లో తెలుగులో వివరించి వినిపించాలి. 'మాకు ఉద్యోగాలియ్యాలె' అని ఊరుకుంటే రికార్డుకెక్కేది అంతే. ఏడాదికెన్ని రోజుల కూలి పోతుందో, ఏ బావి నీళ్లు తాగుతున్నారో, మేకలెక్కడ మేస్తాయో అంకెలతో చెప్పి కాగితం కూడా ఇస్తే, అది నిపుణుల కమిటీ దాకా పోతుంది.