ఎంతమంది ఎక్కితే వంతెన ఊగుతుంది?

లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం వంతెనను 2000 జూన్ 10న తెరిచారు. సెయింట్ పాల్స్ చర్చి వైపు నుంచి టేట్ మోడర్న్ చిత్రశాల వైపు నడిచి దాటడానికే కట్టిన వంతెన అది. మొదటి రోజే జనం వేలల్లో వచ్చారు. వంతెన పక్కలకు ఊగసాగింది. మధ్య భాగం దాదాపు 7 సెంటీమీటర్ల దాకా జరిగింది. జనం కాళ్లు ఎడంగా వేసి, రెయిలింగు పట్టుకుని నడిచారు. రెండు రోజులకే దాన్ని మూసేశారు.

కట్టినవాళ్లు సామాన్యులు కారు. ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్, శిల్పి ఆంథొనీ కారో, ఇంజినీర్లు అరూప్ సంస్థ వాళ్లు. మామూలు వేలాడే వంతెనలో ఇనుప తాళ్లు ఎత్తైన స్తంభాల మీంచి వంపు తిరిగి దిగుతాయి. ఇక్కడ వాటిని నడకదారికి ఇరువైపులా బిగించి లాగారు. 144 మీటర్ల మధ్య భాగంలో ఆ వంపు రెండున్నర మీటర్లు కూడా లేదు. అందుకే నది మీద చూపుకు ఏదీ అడ్డురాదు. నాకు ఇప్పటికీ అంత అందమైన వంతెన మరొకటి కనిపించలేదు.

మా అమ్మాయికి ఈ కథంతా ముందే చెప్పి అక్కడికి తీసుకెళ్లాను. నడిమధ్యకు వెళ్లి గట్టిగా గెంతింది.

"నాన్నా, ఊగట్లేదేంటి?"

"ఇప్పుడు ఊగదమ్మా, బాగుచేశారు."

"మరి అప్పుడు ఎంతమంది ఎక్కితే ఊగింది?"

ఇంజినీర్లు వేసుకున్న ప్రశ్నా సరిగ్గా అదే. సైనికులు కవాతు చేస్తూ వంతెన దాటకూడదని లోకానికి ఎప్పటినుంచో తెలుసు. 1831లో ఇంగ్లండులోని బ్రాటన్ వంతెన అలాగే కూలింది. కానీ ఇక్కడ నడిచినవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోతున్న మామూలు జనం.

మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. ప్రతి అడుగూ నేలను కిందికే కాక కొద్దిగా పక్కకూ నెడుతుంది. ఎడమ కాలు ఒకవైపు, కుడి కాలు మరోవైపు. అంటే ఒకే వైపు తోపు సుమారు సెకనుకోసారి పడుతుంది. ఈ వంతెన పక్కలకు ఊగే సహజమైన లయ కూడా దానికి దగ్గర్లోనే ఉంది. వంతెన కాస్త కదలగానే మనిషి తూలకుండా అడుగు సర్దుకుంటాడు. ఆ సర్దుకోవడంతో వంతెనకు ఇంకాస్త తోపు అందుతుంది.

అరూప్ వాళ్లు మనుషుల్ని నడిపించి, కొద్దికొద్దిగా సంఖ్య పెంచుతూ కొలిచారు. ఒక పరీక్షలో 156 మంది దాకా పెద్ద కదలిక లేదు. మరో పది మందిని కలపగానే ఊపు అమాంతం పెరిగింది. భయపెట్టేది ఇదే: ఆ హద్దు దాటేదాకా వంతెన ముందస్తు హెచ్చరిక ఏమీ ఇవ్వదు.

దక్షిణపు ఒడ్డున దిగి, వంతెన కింద నిలబడి తలెత్తి చూశాం. నడకదారి అడుగున కోణాకారపు ఉక్కు చట్రాలు, వాటికి అమర్చిన గొట్టాలు కనిపించాయి. "మన బండికి షాక్ అబ్జార్బర్లు ఉంటాయి చూడు, ఇవీ అలాంటివే" అన్నాను. గొట్టంలో ముషలకం కదిలినప్పుడు చిక్కటి ద్రవం సన్నటి దారుల గుండా బలవంతాన పోవాలి. అక్కడ ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. ఇలాంటివి 37 పెట్టారు. వీటికి తోడు స్ప్రింగుల మీద నిలిపిన బరువులు యాభైకి పైగా ఉన్నాయి. వంతెన ఒకవైపు పోతుంటే ఆ బరువు ఎదురు లాగుతుంది. ఈ ఉపాయానికి జర్మనీకి చెందిన హెర్మన్ ఫ్రామ్ 1900ల తొలినాళ్లలోనే పేటెంటు పొందాడు.

మరమ్మతుకు 50 లక్షల పౌండ్లు అయ్యాయి. సుమారు 2,000 మందిని నడిపించి పరీక్షించాక 2002 ఫిబ్రవరి 22న మళ్లీ తెరిచారు. నేను అరూప్ వాళ్లను ఎక్కువగా మెచ్చుకునేది ఈ మరమ్మతుకు కాదు. జరిగిందాన్ని దాచకుండా, తమ కొలతలన్నీ ఇతర ఇంజినీర్లు వాడుకునేలా అచ్చువేయించారు. ఇవాళ నడక వంతెన గీసేవాళ్లు పక్క ఊపునూ లెక్కవేస్తున్నారంటే అందులో ఆ కొలతలకు పెద్ద వాటా ఉంది.

వాటి మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. జనం అడుగులు కలవడం వల్లే ఊపు పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. అడుగులు కలవక్కర్లేదనీ, ఎవరికి వారు తూలకుండా నిలదొక్కుకోవడమే ఊపును మొదలుపెట్టగలదనీ 2021లో వెలువడిన ఒక పరిశోధన వాదించింది.