కోరంగి రేవు పోయింది, పేరు మారిషస్‌ల మిగిలింది

మారిషస్ అనంగనే మనకు యాదికొచ్చేది సినిమా పాటలు, నీలం సముద్రం. గని ఆ దేశంల ఉగాది నాడు సర్కారే సెలవు ఇస్తదని ఎంతమందికి ఎరుక? ఎందుకిస్తదో తెల్వాలంటే ముందుగాల కాకినాడ దగ్గరున్న కోరంగి సంగతి తెల్వాలె.

కోరంగి ఇయ్యాల గోదారి పాయ ఒడ్డున ఓ చిన్న ఊరు. చుట్టూ మడ అడవి. రెండొందల ఏండ్ల కింద గది పెద్ద రేవు. అక్కడ ఓడలు కూడ కట్టేటోళ్లు. 1789ల ఒకపారి, 1839ల ఇంకోపారి ఉప్పెన కొట్టింది. గోదారి మట్టి మేట వేసుకుంట పోయింది. మెల్లగ రేవు పని కాకినాడకు మళ్లింది.

ఇగ మారిషస్. మడగాస్కర్‌కు తూర్పున, అగ్గికొండ నుంచి పుట్టిన దీవి. దేశం మొత్తం కలిపినా రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఇప్పటి కరీంనగర్ జిల్లా అంత. 1835ల అక్కడ బానిసత్వం రద్దయింది. చెరుకు తోటల పనికి మనుషులు కావాలె గదా? అందుకే ఇంగ్లీష్ దొరలు 1834 నుంచే ఒప్పందం రాయించుకొని మన దేశం కూలోళ్లను ఓడలెక్కించిన్రు. నాలుగున్నర లక్షల మంది దాకా పోర్ట్ లూయిస్ రేవుల దిగిన్రు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాగగ గుర్తించింది. చెరుకు చేన్ల నడుమ నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనవడ్తయి. అవి కూలోళ్లు చేతులతోని ఏరి పేర్చినయి.

వచ్చినోళ్లల్ల ఎక్కువమంది బీహార్ దిక్కోళ్లు. తెలుగోళ్లు తక్కువ. వాళ్ల సొంతూరు ఏదైనా సరే, రేవు పేరు మీద ‘కోరంగి’ అనే పిలిచిన్రు. వాళ్లు పోంగ సింహాద్రి అప్పన్నను, అమ్మోరు పండుగను వెంట తీస్కపోయిన్రు. దీపం చుట్టూ తిరుగుకుంట పాడే రామభజన ఇప్పటికీ నడుస్తున్నది. సర్కారు బడుల తెలుగు చెప్తరు. 1990ల ప్రపంచ తెలుగు మహాసభలు కూడ అక్కడనే అయినయి.

గని ఇండ్లల్ల? ఎక్కువ శాతం క్రియోల్ మాటనే. తోటల పక్కోనితోని మాట్లాడాలంటే భోజ్‌పురి, అంగడిల క్రియోల్, కొలువుకు ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగుతోని పని వడే జాగలు ఒక్కొక్కటే తగ్గినయి. గుళ్లె పాట నిలవడ్డది, పొయ్యికాడి ముచ్చట పోయింది. దీంట్ల వాళ్ల తప్పేం లేదు. సముద్రం అవతల, బువ్వ కోసం కొట్లాడుకుంటనే వాళ్లు ఇంత నిలవెట్టుకున్నరు.

మరి మన సంగతేంది? మనకు సముద్రం అడ్డం లేదు, దొర కొరడా లేదు. అయినా పిల్లగాడు ఇంట్ల యాసల మాట్లాడితే "మంచిగ మాట్లాడు" అని గద్దిస్తున్నం. పండుగకు స్టేటస్ పెడ్తే భాష బతకది. బడి, గుడి కొంత కాపాడ్తయి, మిగిలింది ఇల్లే కాపాడాలె. ఈ రాత్రి బువ్వ తినేటప్పుడు నాయినమ్మను ఒక పాత ముచ్చట అడుగుండ్రి. ఆమె మాటలనే ఇంటికి చిన్నోళ్లకు చెప్పుండ్రి.