కోరంగి రేవు – మడ యడవి

కాకినాడనుండి యానాము పోవు బాటలో సుమారు పది మైళ్ళ దూరమున కోరంగి యను గ్రామము కలదు. బస్సు అచట నొక్క నిమిషము నిలిచి సాగిపోవును. నాతో దిగినవా రందఱును మడ యడవిలోని కొయ్యవంతెనపై నడచి, ఛాయాచిత్రములు దీసికొని, సాయంకాలమునకు మరలిపోవలెనని వచ్చినవారే. ఊరిని చూడవచ్చినవాడను నేనొక్కడనే. ఆ యూరిలో చూడదగిన దేమున్నదని వారిలో నొకరు న న్నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

కురంగరూపమున వచ్చిన మారీచుడు ఇచటనే రామబాణమునకు కూలెననియు, అందుచేతనే యీ యూరికి ఈ పేరు గలిగెననియు పెద్దలు చెప్పుకొను కథ. సప్తసాగరయాత్ర సేయువారికి ఇది స్నానతీర్థము. పురాణమట్లుండనిండు. చరిత్రలో కోరంగి గొప్ప యోడరేవు. ఇంజరమున ఆంగ్లేయులును, యానామున ఫ్రెంచివారును, జగన్నాథపురమున డచ్చివారును స్థావరము లేర్పఱచుకొని, ఈ ప్రాంతపు సాలెవారు నేసిన సన్నని బట్టలకై పోటీపడిన కాలమున, ఓడలను కట్టుటకును బాగుచేయుటకును ఈ తీరమున కోరంగియే పేరుపొందినది. ఇచటనుండియే మనవారు బర్మాకు ఓడలెక్కిరి. కావుననే రంగూనులో తెలుగువాడు ఏ జిల్లావాడైనను వానికి 'కోరంగీ' యనియే పేరు. 1930 మే నెలలో రంగూను రేవున కూలి హెచ్చింపుమని సమ్మె చేసిన తెలుగు కూలీలు, తదనంతరము చెలరేగిన కల్లోలములో నూర్లకొలది హతులును క్షతగాత్రులును అయినపుడును వారిని పిలిచినది ఈ పేరుతోనే. ఊరు మాసిపోయినను ఊరి పేరు పరదేశమున కూలివాని మూపుపై నిలిచినది.

ఊరెట్లు మాసిపోయెను? 1789 డిసెంబరులో మూడు మహాతరంగము లొకదానివెంట నొకటి వచ్చి రేవును ముంచెత్తెను. తుపానులను పరిశోధించి, 1848లో 'సైక్లోన్' అను మాటను లోకమున కిచ్చిన హెన్రీ పిడ్డింగ్టను ఈ యుత్పాతమును గూర్చియు వ్రాసియున్నాడు. తిరిగి 1839 నవంబరు 25వ తేదీన మఱియొక యుప్పెన వచ్చి మిగిలినదానిని ఊడ్చుకొనిపోయెను. ఇందు మూడులక్షలమంది మడిసిరని యొక గ్రంథమును జూచి మఱియొక గ్రంథము వ్రాయుచు వచ్చినవి. ఒక్క రేవుపట్టణమునకు ఈ సంఖ్య నమ్మదగినది కాదు. కాని దుఃఖము పెద్దదని చెప్పుటకు అంకెను పెంచవలసిన పనిలేదు.

మఱియొక సంగతి చదువరులు గమనింపవలెను. ఉప్పెన యొక్కటియే కోరంగిని చంపలేదు. గౌతమి తెచ్చిన యొండ్రు ఏటేట పేరుకొని రేవు పూడిపోయెను. పెద్ద యోడలు లోనికి రాజాలక కాకినాడవైపు మఱలెను. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ప్రత్తి బేరముతో కాకినాడ పెరిగెను. కోరంగి చిక్కి పల్లెయైనది. నది యిచ్చిన రేవును నదియే పుచ్చుకొనెను.

అయితే అదే యొండ్రు మఱియొక దానిని పోషించినది. పడవలో నొక పాయవెంబడి పోతిని. ఇరుప్రక్కల తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు గోడకట్టినట్లు నిలిచియున్నవి. పాటుసమయమగుటచే బురదలో వేలకొలది శ్వాసవేళ్ళు మేకులవలె పైకి లేచియున్నవి. ఊపిరాడని బురదలో బ్రతుకుటకు చెట్టు కనిపెట్టుకొన్న యుపాయమిది. మడచెట్టు తాను త్రాగిన యుప్పును ఆకులవెంట వెలిగ్రక్కును. ఉప్పుపొన్న తన గింజను తల్లికొమ్మపైననే మొలకెత్తించి, నిలువగల శక్తి వచ్చిన పిదప గాని బురదలోనికి విడువదు. ఈ నీడలోనే రొయ్యపిల్లలును, చేపపిల్లలును, మండపీతలును పెరుగును. నీటికుక్కలును, బావురుపిల్లులును ఇచట బ్రతుకుచున్నవి. 1978లో ఇందు 235 చదరపు కిలోమీటర్ల భాగమును అభయారణ్యముగా ప్రకటించిరి. ఆవల సముద్రమున, గత రెండువందల యేండ్లలో అదే యొండ్రుతో నేర్పడిన హోప్ దీవి కాకినాడకు అడ్డుగోడవలె పడియున్నది.

పడవ నడుపు వృద్ధుని, తుపానులను నీ వెఱుగుదువా యని యడిగితిని. తెడ్డు ఆపి, "తొంబైయారు గాలివాన చూశాను బాబూ. వేటకెళ్ళినోళ్ళు మళ్ళీ రాలేదు. అడివి ఎనకాల ఉన్నోళ్ళం మిగిలాం" అనెను. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో ఈ తీరపు బెస్తపల్లెలు, ముఖ్యముగా భైరవపాలెము, పడిన దుఃఖము మఱపురానిది. అతని మాట కేవల మొక వృద్ధుని నమ్మకము గాదు. 1999లో ఒరిస్సాను ముంచిన మహాతుపానుపై, కేంద్రపాడ ప్రాంతపు గ్రామముల లెక్కలు దీసి 2009లో ప్రకటించిన పరిశోధనము, ఊరికిని సముద్రమునకును నడుమ మడ యడవి వెడల్పు హెచ్చిన కొలది మరణములు తగ్గెనని తేల్చినది.

ఇట్టి కోటగోడను మన మెట్లు చూచుచున్నాము? రొయ్యల చెఱువులకై తీరమున మడ నేలలు త్రవ్వబడినవి. 2020లో కాకినాడ ప్రక్కనే దుమ్ములపేటయొద్ద ఇండ్లస్థలములకై మడచెట్లు నఱుకబడగా ఆ వ్యాజ్యము జాతీయ హరిత న్యాయస్థానము వఱకు పోయెను. ఎగువ ఆనకట్టలు కట్టిన పిదప నది తెచ్చు ఒండ్రును తగ్గినది. ఇల్లులేని పేదకు ఇల్లు వలదని యెవ్వరందురు? కాని ఉప్పెనకు అడ్డుగోడను పడగొట్టి ఆ చోటనే పేదను కూర్చుండబెట్టుట దానమగునా? ఇక రొయ్యల మాట. నా బంధువులలోనే చెఱువులు గలవారు కలరు. వారి యన్నము నేనును దిన్నవాడను. కావున ఈ నింద నితరులపై త్రోసి నేను తప్పించుకొనజాలను. మడ నఱికిన చోట ఈ యేటి లాభము మనది. గాలివాన నాటి నష్టము మాత్రము గట్టుప్రక్క గుడిసెలోని బెస్తవానిది.

నిరాశపడవలసిన పనియును లేదు. 1997 మొదలు ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థయు అటవీశాఖయు గ్రామస్థులతో గలిసి, చౌడుపడిన చోట చేప యెముక యాకారమున కాలువలు త్రవ్వి, పోటునీటిని లోని కెక్కించి మడను తిరిగి మొలిపించినవి. నీరు కదలినచో చెట్టు వచ్చును. చేయవలసినది మనకు తెలియనిది గాదు.

సాయంకాలము బస్సుకై నిలిచియుండగా ఉదయమున న న్నడిగినవారు కనబడిరి. ఊరిలో నేమి చూచితిరని మరల నడిగిరి. ఒక రేవు ఎట్లు పోవునో చూచితి నంటిని. రేవు పోయినపుడు కాకినాడ కలదు. మడ పోయినచో కాకినాడకు ఏమి కలదు? భూములు గలవారును, పట్టణములందు మేడలు గలవారును ఈ ప్రశ్నకు తుపాను కాలము రాకమునుపే సమాధానము వెదకుకొనవలెను.