ట్రాక్టరు ఇంజను నడుమనడుమ తడబడుటకుఁ గారణములు

దుక్కిలో టర్బో ట్రాక్టరు ఇంజను ఒక్కొక్కప్పుడు తడబడినచో వెంటనే టర్బోను మార్పింపవలదని సభ్యులకు మేము మనవి చేయుచున్నాము. టర్బో గాలిగొట్టము చిట్లినచో నల్లపొగ వచ్చి, ఇంజను లాగుడు తగ్గును. ఒక్క సిలిండరు మాత్రమే తప్పుట జరుగదు. ఇంజను వేడెక్కిన పిదపఁగూడ తెల్లపొగతోఁ దడబడినచో డీజిలు సరిగా మండుట లేదని గ్రహింపవలెను.

ముందుగా ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసివేయవలెను. పిదప గొట్టముల బిగింపులు చూచి, డీజిలులోఁ జేరిన గాలిని వెడలింపవలెను. ట్యాంకులో డీజిలు తగ్గినప్పుడే తడబడుచున్నచో గాలి చేరుచున్నదని అనుమానింపవచ్చును.

అప్పటికిని దోషము పోనిచో, పాతపద్ధతి పంపు గల ఇంజనును మెకానిక్కుచేఁ బరీక్షింపఁజేయుఁడు. ఇంజను నెమ్మదిగా నడచుచుండఁగా అతఁడు ఇంజెక్టరు గొట్టముల నట్లను ఒక్కొక్కటిగా వదలించి బిగించును. దేనిని వదలించినను శబ్దము మాఱదో ఆ సిలిండరే పనిచేయుట లేదు. దాని ఇంజెక్టరును ప్రక్క సిలిండరునకు మార్చినప్పుడు దోషమును వెంటఁబోయినచో ఇంజెక్టరే చెడినది. పోనిచో పంపును, వాల్వులను చూడవలెను.

కామన్ రైలు ఇంజనులలో నట్లను వదలింపనేరాదు. అందు డీజిలు ఒత్తిడి వాతావరణ పీడనమునకు వేయిరెట్లు మించఁగలదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికిఁ బోవును. గాయము సూదిమొనంత యున్నను తక్షణమే ఆసుపత్రికిఁ బోవలెను. అట్టి ఇంజనులను స్కానరుతోనే పరీక్షింపింపవలెను.