నూకలతో తేలికపడిన బీరు

అబ్బాయ్, డాలస్‌లో నువ్వు కొనే ఆ చవక లైటు బీరు నీళ్ళలా ఉందని నీ స్నేహితులు పెదవి విరుస్తారన్నావు. ఆ తేలికదనం ఊరికే రాలేదురా. బుర్ర పెట్టి సాధించుకున్నది. అందులో సగం రహస్యం మన పామిడిముక్కల మండలంలో ఏ రైసుమిల్లుకెళ్ళినా కనిపిస్తుంది.

మిల్లులో పాలిషైన బియ్యం జల్లెడ మీదికొస్తాయి. నిండు గింజలు పైన నిలిచి బస్తాలోకి పోతాయి. విరిగినవి కన్నాల్లోంచి కిందికి రాలతాయి. అవే నూకలు. గుప్పెట్లోకి తీసుకుని చూడు, తెల్లగా ఉంటాయి, వాసనా రుచీ పెద్దగా ఉండవు. మీ నాయనమ్మ వాటితో ఉప్మా చేస్తుంది, జావ కాస్తుంది, మిగిలినవి కోళ్ళకు చల్లుతుంది. నిండు బియ్యం ధర వీటికి రాదు. కానీ లోపలున్న పిండి మాత్రం అదే. బీరు తయారుచేసేవాడికి గింజ అందంతో పనిలేదు, పిండి ఉంటే చాలు.

అసలు బీరు బార్లీతో చేస్తారు. జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళు లేగర్ అనే తమ ఊరి బీరును అక్కడ చేయబోతే చిక్కొచ్చింది. అక్కడ పండే ఆరు వరసల బార్లీలో మాంసకృత్తులు ఎక్కువ. దాంతో బీరు మబ్బు పట్టినట్టు ఉండేది. బొహీమియా నుంచి 1868లో వెళ్ళిన ఆంటన్ ష్వార్జ్ అనే రసాయన శాస్త్రవేత్త, బార్లీలో కొంత తగ్గించి ఆ మేరకు బియ్యమో మొక్కజొన్నో కలపమని చెప్పాడు. వాటిలో పిండి ఎక్కువ, బీరును మబ్బు పట్టించే మాంసకృత్తులు తక్కువ. బీరు తేటగా, బంగారు రంగులో వచ్చింది. 1876లో సెయింట్ లూయిస్‌లో అడాల్ఫస్ బుష్ మొదలుపెట్టిన బడ్‌వైజర్‌లో బియ్యం ఉంది, ఆ మాట సీసా మీదే రాస్తారు. ఆ బియ్యానికి ఆర్కాన్సా పెట్టింది పేరు. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రానిదే. అక్కడి మిసిసిపీ మైదానాల్లో మన కృష్ణా డెల్టాలో లాగే నీళ్ళు నిలిపి వరి పండిస్తారు.

పిండి దానంతటది సారా కాదు. ఈస్టు పిండిని తినలేదు, చక్కెరనే తింటుంది. వట్టి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా నిమిషంపాటు నములు. మెల్లగా తియ్యబడుతుంది. పిండి అంటే చక్కెర పూసలు గుచ్చిన దండ. నీ లాలాజలంలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ దండను తుంచుతుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోనూ, అంటే మాల్ట్‌లోనూ, అదే జాతి ఎంజైమ్ ఉంటుంది. మరపట్టిన బియ్యంలో ఆ శక్తి లేదు. అందుకే నూకల్ని ముందు వేరే పాత్రలో జావలా ఉడికించి, తర్వాత బార్లీ మాల్ట్‌లో కలుపుతారు. బార్లీ పిండి 65 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, బియ్యానికి అంతకన్నా వేడి కావాలి. ఆ వేడి మాల్ట్‌కు తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. రెండు పొయ్యిలు ఎందుకో తెలిసిందా?

ఆ తర్వాత పని ఈస్టుది. మన తాటికల్లు సంగతి నీకు తెలుసు. తెల్లారి లొట్టి దించినప్పుడు తియ్యగా ఉన్న నీరు మధ్యాహ్నానికి పొంగి కల్లవుతుంది, మర్నాటికి పులిసి నోట్లో పెట్టలేం. గాలిలో, లొట్టిలో ఉన్న రకరకాల ఈస్టులు, బాక్టీరియా ఎండవేడికి ఒక్కసారిగా పడి పనిచేస్తాయి. లేగర్ ఈస్టుకు చలి కావాలి. పది డిగ్రీల చుట్టుపక్కల వారంరోజులకు పైగా నెమ్మదిగా పులియబెట్టి, తర్వాత సున్నాకు దగ్గర్లో వారాలతరబడి నిలవ ఉంచుతారు. ఆ చలిలో ఈస్టు అడుక్కు దిగుతుంది, పచ్చివాసనలు పోతాయి. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఈ ఈస్టును ఒకే కణం నుంచి శుద్ధంగా పెంచాడు. అది రెండు జాతుల సంకరం. చలికి తట్టుకునే రెండో జాతి ఏదో చాలాకాలం అంతుచిక్కలేదు. చివరికి 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల బుడిపెల మీద దొరికిందని ప్రకటించారు. నాకు ఈ కథంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

ఇక నీ "లైటు" సంగతి. మామూలు బీరులో తెగని పిండి ముక్కలు కొన్ని మిగిలిపోతాయి, చిక్కదనం వాటిదే. 1967లో జోసెఫ్ ఓవేడ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త బూజు నుంచి తీసిన మరో ఎంజైమ్‌తో ఆ ముక్కల్నీ తుంచేశాడు. ఈస్టు వాటినీ తినేసింది. అలా వచ్చిన బీరు అప్పుడు అమ్ముడుపోలేదు. ఆ దారిలోనే 1975లో మిల్లర్ లైట్, 1982లో బడ్ లైట్ దేశమంతా పాకాయి. 355 మిల్లీలీటర్ల బడ్ లైట్ డబ్బాలో 110 కేలరీలు, 4.2 శాతం ఆల్కహాల్. లెక్క కట్టు, అందులో ఆల్కహాల్ సుమారు 12 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల చొప్పున 80 పైచిలుకు దానివే. కాబట్టి లైటన్నది చిక్కదనానికి చెప్పిన మాట. లైటే కదా అని నాలుగు తాగితే నాలుగు తాగినట్టే.

మనవైపు చవక లెక్క వేరుగా నడుస్తుంది. రూపాయికి ఎంత కిక్కు అని చూస్తారు. బడ్‌వైజర్ 2007లో హైదరాబాదు చేరినా, మన దుకాణాల్లో ఎక్కువగా చేతులు మారేది స్ట్రాంగ్ బీరే. 8 శాతం దాకా ఉండే 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నీ లైటు డబ్బాలు మూడున్నరకు సమానం. ఒక్క బీరే తాగానంటాడు మనిషి. నాకు బాధ అక్కడ. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడింది, మన పక్కనున్న నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1995లో మద్యనిషేధం తెచ్చింది, కూలి డబ్బు కిక్కుకే పోయి ఇంట్లో పొయ్యి వెలగనందుకే. అది మర్చిపోకూడదు.

ఇంకో మాట. రోహిణి కార్తెలో బీరు చలవ చేస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే ఒక హార్మోనును ఆల్కహాల్ అణచివేస్తుంది, దాంతో ఒంట్లో నీరు మూత్రంగా ఎక్కువ బయటికి పోతుంది. దాహానికి మజ్జిగే తాగు, తర్వాత బీరు.

తాగేటప్పుడు గ్లాసు జిడ్డు లేకుండా కడుగు. నూకల బీరులో మాంసకృత్తులు తక్కువ కనుక నురగ అసలే ఎక్కువసేపు నిలవదు. రొయ్యల వేపుడు తిన్న పెదవి ఆనించావంటే, ఆ నూనెకు గ్లాసు అంచున నురగ కళ్ళముందే విరిగిపోతుంది. సీసాను ఎండలో పెట్టకు. బీరులో వేసే హాప్స్ పూలలోని చేదు వెలుతురుకు విరిగి గంధకపు కంపు పుట్టిస్తుంది, ఆ సీసాలు గోధుమరంగులో ఉండేది అందుకే. మరీ గడ్డకట్టేలా చల్లబెడితే నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలియదు. తీసి కాసేపు ఉంచి, బందరు చేపల వేపుడుతో నెమ్మదిగా తాగు. ఆ పలచన, ఆ కాస్త చేదు, ఆ బుడగలు నాలుక మీది కారాన్ని, నూనెను కడిగేస్తాయి. దాని మంచితనం అదే, నీ స్నేహితులకు చెప్పు.

మన దేశంలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక్క డబ్బా తాగినా సరే, బందరు రోడ్డెక్కకుండా ఆ రాత్రికి ఇంట్లోనే పడుకో.