బాస్ఫరస్‌కు కాగితపు గడియ

తుర్కియే మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు మా ఎడిటర్. నాటోలో ఉంటూనే రష్యా దగ్గర ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొంది, ఆ రష్యాతో పోరాడుతున్న ఉక్రెయిన్‌కు డ్రోన్లు ఇచ్చింది. గోడమీది పిల్లి అని అందరూ తిడుతూనే ఎవరూ వదులుకోరు. ఎందుకని? ‘గురువారానికల్లా ఇచ్చేయండి. మ్యాప్ పెద్దగా వేద్దాం’ అని కూడా అన్నారు.

మ్యాప్ చెప్పేది తెలిసిందే. నల్ల సముద్రంలోని ఓడ మధ్యధరాలోకి రావాలంటే బాస్ఫరస్, మార్మరా, డార్డనెల్స్ దాటాలి. ఇస్తాంబుల్ మధ్యగా సాగే బాస్ఫరస్ ఒకచోట 700 మీటర్ల వెడల్పే. కానీ ‘చోటే బలం’ అన్న మాట మీద నాకు గురి లేదు. ఈ నీళ్లు 1920ల్లోనూ ఇక్కడే ఉన్నాయి. అప్పుడు వీటి ఒడ్డున సైన్యాన్ని స్వేచ్ఛగా ఉంచుకునే హక్కు కూడా తుర్కియేకు లేదు!

హక్కు తెచ్చిపెట్టింది 1936 జులై 20న స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో సంతకాలైన ఒప్పందం. మొత్తం 29 అధికరణలు. శాంతికాలంలో సరుకు ఓడ ఏ దేశానిదైనా రాత్రీపగలూ స్వేచ్ఛగా వెళ్లొచ్చు. పేచీ అంతా యుద్ధనౌకలతోనే. వాటి గురించి ముందుగా, మామూలుగా 8 రోజుల ముందే, కబురు చేయాలి. ఒకేసారి జలసంధిలో ఉండే విదేశీ నౌకలు తొమ్మిదికి, వాటి మొత్తం బరువు 15,000 టన్నులకు మించకూడదు. నల్ల సముద్రపు ఒడ్డున లేని దేశాల నౌకలు లోపల 21 రోజులకు మించి ఉండరాదు. తీర దేశాలకు కొంత వెసులుబాటుంది: పెద్ద యుద్ధనౌకనైనా పంపుకోవచ్చు, కాకపోతే ఒక్కొక్కటిగా, వెంట రెండు డిస్ట్రాయర్లకు మించకుండా. వాళ్ల జలాంతర్గాములు పగటిపూట, నీటిపైన తేలుతూ వెళ్లాలి. అమెరికా విమానవాహక నౌక ఒక్కటే లక్ష టన్నులు తూగుతుంది కాబట్టి దాని సంగతి చెప్పక్కర్లేదు.

తీర దేశాలకిచ్చిన ఆ పెద్ద నౌకల వెసులుబాటు విమానవాహక నౌకలకు వర్తించదు. మరి సోవియట్ యూనియన్ వాటిని కట్టింది నల్ల సముద్రం పక్కనున్న మైకొలాయివ్‌లో. కట్టినవి బయటికెలా రావాలి? ‘ఇవి విమానాలు మోసే క్రూజర్లు’ అని పేరు పెట్టారు. 1976లో ‘కీవ్’ అనే నౌక అలాగే గడప దాటింది. తుర్కియే చూసీచూడనట్టు ఊరుకుంది. మన నౌకాదళంలోని ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య కూడా అక్కడ కట్టిందే. ‘బకూ’ అన్న పాత పేరుతో, క్రూజర్ హోదాలో ఈ దారినే బయటపడింది.

ఈ కాగితానికి అసలు పరీక్ష 2022 ఫిబ్రవరి చివర్లో వచ్చింది. ఉక్రెయిన్‌లో జరుగుతున్నది ‘యుద్ధం’ అని తుర్కియే ప్రకటించింది. ఆ ఒక్క మాటతో 19వ అధికరణ అమల్లోకి వచ్చింది: తుర్కియే పాల్గొనని యుద్ధంలో, పోరాడుతున్న దేశాల యుద్ధనౌకలు సొంత రేవుకు తిరిగి వెళ్లేందుకు తప్ప జలసంధి దాటరాదు. ఏప్రిల్‌లో రష్యా నల్ల సముద్ర దళపు ప్రధాన నౌక ‘మోస్క్వా’ మునిగితే దాని స్థానంలోకి మరో దళం నుంచి నౌకను తెచ్చుకునే దారి రష్యాకు లేకపోయింది. అలాగని ఇది ఉక్రెయిన్ పక్షమూ కాదు. బ్రిటన్ ఇచ్చిన మందుపాతరలు ఏరే నౌకల్ని యుద్ధం ముగిసేదాకా రానివ్వబోమని 2024 జనవరిలో తుర్కియే తేల్చి చెప్పింది. నా లెక్కలో దాని పలుకుబడి ఇక్కడుంది. మిత్రుడికీ శత్రువుకీ ఒకే నిబంధన చూపించగలదు.

21వ అధికరణ మరీ తమాషా. యుద్ధప్రమాదం ముంచుకొస్తోందని తుర్కియే భావిస్తే యుద్ధనౌకల్ని ఆపాలో వదలాలో తన ఇష్టం. ఆ చర్య సబబు కాదని నానాజాతి సమితి మండలి మూడింట రెండొంతుల మెజారిటీతో, ఒప్పంద దేశాల్లో ఎక్కువ భాగం కూడా అంటే వెనక్కి తీసుకోవాలి. సమితి 1946లోనే రద్దయింది. వాక్యం మాత్రం అలాగే ఉంది!

చరిత్ర టూకీగా: 1914లో రెండు జర్మన్ నౌకలకు ఒట్టోమన్లు ఆశ్రయమిచ్చారు, 1915లో గలిపోలీలో మిత్రరాజ్యాలు చావుదెబ్బ తిన్నాయి, 1923 లోసాన్ సంధితో జలసంధి అంతర్జాతీయ కమిషన్ చేతికెళ్లింది, 1946లో స్టాలిన్ కాపలాలో వాటా అడిగాడు, 1952లో తుర్కియే నాటోలో చేరింది.

రెండేళ్ల ముందు నోటీసిచ్చి ఈ ఒప్పందం రద్దును ఇందులోని ఏ దేశమైనా కోరొచ్చు. 1956 నుంచీ ఆ వీలుంది. ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. మళ్లీ కూర్చుంటే ఇంతకన్నా మంచిది దక్కుతుందన్న నమ్మకం మాస్కోకూ లేదు, అంకారాకూ లేదు.

బాక్స్: టన్నుకెంత?
దీపస్తంభాలు, ఆరోగ్య తనిఖీ, ప్రాణరక్షణ సేవలకు సరుకు ఓడలు కట్టే రుసుము ఒప్పందంలో బంగారు ఫ్రాంకుల్లో ఉంది. 1983 నుంచి టన్నుకు సుమారు 80 సెంట్ల దగ్గర ఆగిపోయిన దాన్ని 2022 అక్టోబరులో ఒక్కసారిగా 4 డాలర్లు చేశారు.

బాక్స్: కొత్త కాలువ
బాస్ఫరస్‌కు పడమరగా 45 కిలోమీటర్ల కాలువ తవ్వుతామని అప్పటి ప్రధాని ఎర్దొగాన్ 2011లో ప్రకటించారు. ఆ సాకుతో మాంత్రోను కదిలించొద్దంటూ 2021 ఏప్రిల్‌లో 104 మంది విశ్రాంత అడ్మిరళ్లు ప్రకటన చేస్తే, వారిలో పదిమందిని అదుపులోకి తీసుకున్నారు.

బాక్స్: మన మూకుడులోకి
మన దేశం కొనే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద వాటా నల్ల సముద్రపు రేవుల నుంచి ఇదే దారిలో వస్తుంది. 2022 మార్చిలో కిరాణా కొట్లో ప్యాకెట్ ధర ఎగబాకింది అక్కడి రేవులు మూతపడ్డందుకే. జలసంధి సరుకు ఓడలకు ఆ రోజుల్లోనూ తెరిచే ఉంది.